ప్రైవేట్ వర్సిటీలో క్వాలిటీ సెల్ నా నెత్తిన పెట్టారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఓఆర్ఆర్_అవతల

నమస్తే అందరికీ. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో సీఎస్ఈ అసోసియేట్ ప్రొఫెసర్‌ని. పేరు వద్దు, ఓఆర్ఆర్ చుట్టూ ఉన్నవాటిలో ఏదో ఒకటి అనుకోండి. నేను చేరినప్పుడు జేఎన్‌టీయూ కింద కాలేజీ, తర్వాత అటానమస్ అయింది, ఇప్పుడు యూనివర్సిటీ బోర్డు ఎక్కింది. ఈ ఏడాది నన్ను ఐక్యూఏసీకి, అంటే వర్సిటీ లోపలి క్వాలిటీ సెల్‌కి, కోఆర్డినేటర్‌గా వేశారు. "మీరైతే ఓపిగ్గా చేస్తారు" అన్నారు, అంటే మిగతావాళ్లంతా ముందే తప్పించుకున్నారని అర్థం.

మేనేజ్‌మెంట్‌కి కావలసింది ఒకటే, కాలేజీలకి, వర్సిటీలకి గ్రేడ్లిచ్చే జాతీయ సంస్థ నాక్ నుంచి టీమ్ వచ్చేలోపు ఫైళ్లన్నీ రెడీగా ఉండాలి, గ్రేడు ఏ ప్లస్‌కి తగ్గకూడదు. అది చేస్తాను, జీతం ఇస్తున్నారు కాబట్టి తప్పదు. కానీ ఫైళ్లు చూస్తుంటేనే నాకు టెన్షన్ వస్తోంది.

ప్రతి సబ్జెక్టుకీ ఒక అటైన్‌మెంట్ ఎక్సెల్ షీటు ఉంటుంది, ఈ ఫీల్డులో ఉన్నవాళ్లకి తెలుసు. ఏ కోర్సు అవుట్‌కమ్ (ఆ సబ్జెక్టులో నేర్చుకోవాల్సింది) పిల్లలకి ఎంతవరకు అందిందో 3కి లెక్కేసి చూపిస్తాం. టార్గెట్ 2.1 అయితే వచ్చింది 2.3. టార్గెట్ 2.2 అయితే వచ్చింది 2.4. అన్ని సబ్జెక్టుల్లోనూ, అన్ని సెక్షన్లలోనూ ఇదే వరస. "తీసుకున్న చర్యలు" అనే గడిలో అందరిదీ ఒకటే వాక్యం, అదనపు తరగతులు నిర్వహించబడినవి. ఒక షీట్లో అయితే పోయినేడాది సబ్జెక్టు కోడ్ కూడా మార్చలేదు. మరి ఇదే షీటు ప్రకారం సీ లాంగ్వేజ్‌లో 2.4 సాధించిన పిల్లలు థర్డ్ ఇయర్‌లో నా క్లాసుకొచ్చి పాయింటర్ అనగానే బిత్తర చూపులు చూస్తారు.

నాకు హెచ్‌ఓడీల మీద అధికారం లేదు, బడ్జెట్ అంతంతమాత్రం. వీసీ గారు మంచివారే, వింటారు, కానీ చివరి మాట ఆయనది కాదు. ఇలాంటి చోట నిజంగా చదువు కొంచెమైనా మెరుగవ్వాలంటే ముందు దేన్ని పట్టుకోవాలి? అన్నీ ఒకేసారి మార్చాలనే సలహా దయచేసి వద్దు.

రిటైర్డ్_తార్నాక

పరీక్షలను పట్టుకోండి. మిగతావన్నీ తర్వాత.

ఎందుకంటున్నానంటే, మీరు కాలేజీగా ఉన్నప్పుడు పేపరు జేఎన్‌టీయూ నుంచి వచ్చేది, జవాబు పత్రాలు మీ గేటు దాటి వెళ్లేవి, ఎవరు దిద్దారో మీకు తెలిసేది కాదు. ఆ వాల్యుయేషన్ గొప్పగా ఉండేదని నేను అనను, అందులో లొసుగులు నాకు బాగా తెలుసు. కానీ బయటి కన్ను ఒకటి ఉండేది. అటానమస్ అయ్యాక పేపరు మీదే, వాల్యుయేషన్ మీదే, డిగ్రీ మీద మాత్రం జేఎన్‌టీయూ ముద్ర. ఇప్పుడు డిగ్రీ కూడా మీదే. ఎఫ్‌ఎఫ్‌సీ అని ఏటా వచ్చే జేఎన్‌టీయూ తనిఖీ కూడా లేదు. యూనివర్సిటీలకు సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ముందస్తు అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2001లోనే భారతిదాసన్ యూనివర్సిటీ కేసులో చెప్పింది. అంటే వంట చేసినవాడే రుచి చూసి, బ్రహ్మాండంగా ఉందని తనే రాసిచ్చుకునే పరిస్థితి. స్వేచ్ఛ చెడ్డదని కాదు నా ఉద్దేశం, సిలబస్ మార్చుకోవడానికి, కొత్త కోర్సు పెట్టుకోవడానికి అది కావాలి. కానీ పోయిన ఆ బయటి కన్నును మీ అంతట మీరే మళ్లీ తెచ్చుకోకపోతే మీ ఎక్సెల్ షీట్లో 2.4 వస్తూనే ఉంటుంది. ఇంటర్నల్ మార్కులు వేసింది మీరే, ఎక్స్‌టర్నల్ వేసింది మీరే, అటైన్‌మెంట్ లెక్క ఆ మార్కుల మీదే. రాకేం చేస్తుంది?

నాక్ గురించి కూడా ఒక మాట. యూనివర్సిటీలకు మొత్తం 1000 మార్కుల్లో పరిశోధనకు 250, బోధన-మూల్యాంకనానికి 200 పెట్టారు. సుమారు 70 శాతం మీరు అప్‌లోడ్ చేసే అంకెల మీదే నడుస్తుంది, టీమ్ వచ్చి కళ్లతో చూసేది మిగతా భాగం. కాబట్టి నాక్ కోసం పనిచేస్తే చదువు దానంతటదే బాగుపడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. చదువు బాగుపడితే నాక్‌లో కొన్ని అంకెలు పెరుగుతాయి, అది మాత్రం నిజం.

ముందు సీఓఈ (పరీక్షల కంట్రోలర్) దగ్గరకెళ్లి పోయిన మూడేళ్ల ప్రశ్నపత్రాలు ఒక సబ్జెక్టువి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. నేను పరీక్షల విభాగంలో ఉన్నప్పుడు సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు ఇదే చేయించేవాణ్ని. ఎవరూ పెద్దగా వాదించరు, ఆ కాగితాలే మాట్లాడతాయి.

ల్యాబ్_ఇన్‌చార్జి

సార్ చెప్పింది బాగుంది, కానీ పేపరు గట్టిగా ఇచ్చి, బయటివాళ్లతో దిద్దించి, పిల్లలు ఫెయిలయ్యాక మా మెడ మీద కత్తి పెడతారు. అది ఎవరూ చెప్పడం లేదు.

నేను వేరే వర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, ఈసీఈ. యూజీసీ 2018 రూల్స్‌లో మాకు వారానికి 16 గంటల బోధన అని ఉంది, అసోసియేట్ ప్రొఫెసర్లకి, ప్రొఫెసర్లకి 14. మాకు థియరీ, ల్యాబ్, వేరే సెక్షన్ సర్దుబాటు అన్నీ కలిపితే ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. అది కూడా భరిస్తాం. ఏప్రిల్ నుంచి అడ్మిషన్ల సీజన్. ఇంటర్ పిల్లల ఫోన్ నంబర్ల లిస్టు చేతికిచ్చి రోజూ కాల్స్ చేయమంటారు, ఎంతమందిని క్యాంపస్ చూడటానికి రప్పించావని సాయంత్రం వాట్సాప్‌లో రిపోర్టు అడుగుతారు. సీట్లు నింపలేకపోతే ఇంక్రిమెంట్ దగ్గర గుర్తు చేస్తారు. ఏ మేడమ్ క్లాసు బాగా చెప్పిందో మాత్రం ఇంక్రిమెంట్ అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

ఇంకోటి, అత్యంత కొత్తవాళ్లకి ఫస్ట్ ఇయర్ సెక్షన్లు ఇస్తారు. సీనియర్లకి ఎలెక్టివ్స్, ప్రాజెక్టులు. మీ పాయింటర్ల బాధకి సగం కారణం అక్కడే ఉంది సార్. సీ లాంగ్వేజ్ చెప్పినామె సెమిస్టర్ మధ్యలో మానేసి ఉంటుంది, ఆ తర్వాత వచ్చినామె సిలబస్ పరుగెత్తించి ఉంటుంది. మధ్యలో ఎందుకు మానేస్తారంటే, మాకు పాత సంస్థలో ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని ఇవ్వక తిప్పించుకున్నారు, అవి చేతికొచ్చిన రోజే బయటపడ్డాం. అలా పట్టుకుంటే మనుషులు నిలబడతారు అనుకుంటారు, ఎక్కడ నిలబడతారు?

మా ల్యాబ్ సంగతి చెప్తాను, క్వాలిటీ అంటే ఏంటో తెలుస్తుంది. యాంప్లిఫయర్ ప్రయోగానికి బ్యాచ్ మొత్తం రికార్డుల్లో ఒకటే రీడింగులు, వోల్టేజ్ దశాంశం తర్వాత అంకె కూడా తేడా లేదు. ఎక్కడివని అడిగితే సీనియర్ల రికార్డు పీడీఎఫ్ గ్రూపులో ఉందట. అందులో గెయిన్ దగ్గర పాయింటు ఒక స్థానం పక్కకి పడింది, ఆ తప్పుతో సహా అందరూ ఎక్కించేశారు. నాకు కోపం రాలేదు, ఎందుకంటే పనిచేసే సీఆర్‌ఓలు (సిగ్నల్‌ని తెర మీద చూపే పరికరాలు) ల్యాబ్‌లో సగం కూడా లేవు. తనిఖీ రోజు పక్క బ్లాకు నుంచి తెచ్చి పెడతారు, మర్నాడు వెనక్కి వెళ్లిపోతాయి.

నిజాంపేట_నాన్న

మా అబ్బాయిని ఈ ఏడాది చేర్పించాలి, అందుకే చదువుతున్నాను. మీరందరూ లోపలివాళ్లు, మాకు బయటి నుంచి ఏం తెలుస్తుంది? బ్రోషర్‌లో అందరికీ ఏ ప్లస్‌లే, అందరికీ హైయెస్ట్ ప్యాకేజీలే. ఒక చోట కౌన్సెలర్‌ని, ఈ గ్రేడు యూనివర్సిటీదా పాత కాలేజీదా అని అడిగితే "ఒకే మేనేజ్‌మెంట్ కదండీ" అన్నాడు. ఫీజు మాత్రం లక్షల్లో, ఏటా పెంచుకుంటూ పోతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా అంటే నేరుగా జవాబు లేదు, స్కాలర్‌షిప్ ఇస్తాం అని మాట మార్చాడు.

రిటైర్డ్_తార్నాక

@నిజాంపేట_నాన్న, మీరు అడిగిన ప్రశ్న సరైనదే. కొత్త యూనివర్సిటీ నుంచి కనీసం రెండు బ్యాచ్‌లు బయటికెళ్లాలి, లేదా ఆరేళ్లు నిండాలి, అప్పుడే అది తన పేరు మీద నాక్‌కి వెళ్లగలదు. మన రాష్ట్రంలో ప్రైవేట్ యూనివర్సిటీల చట్టం వచ్చిందే 2018లో, మొదటి ఐదు 2020లో మొదలయ్యాయి. కాబట్టి ఏ గ్రేడు ఏ పేరు మీద, ఏ తేదీ దాకా అన్నది నాక్ సైట్లో చూసుకోండి. ఎన్‌బీఏ అనే ఇంకో గుర్తింపు అయితే బ్రాంచి వారీగా ఇస్తారు, సీఎస్ఈకి ఉన్నంత మాత్రాన సీఎస్ఈ ఏఐఎంఎల్‌కి ఉన్నట్టు కాదు. రీయింబర్స్‌మెంట్ సంగతి నోటిమాటగా వద్దు, కాగితం మీద రాయించుకోండి. ఇంకా, క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు ఏసీ ఆడిటోరియం వదిలేసి ఫస్ట్ ఇయర్ టైమ్ టేబుల్ అడగండి, ఏ సబ్జెక్టు ఎవరు చెప్తున్నారో పేర్లతో సహా. ఇవ్వకపోతే అదే జవాబు.

ఇరానీ_చాయ్

అన్నా, మీరంతా ఏ లోకంలో ఉన్నారు? 2025 ఫిబ్రవరిలో నాక్ తనిఖీకి వెళ్లిన టీమ్ వాళ్లనే సీబీఐ లంచం కేసులో పట్టుకుంది, వర్సిటీ వాళ్లతో సహా. తనిఖీ చేసేవాడే అలా ఉంటే ఐక్యూఏసీ ఏం పీకుతుంది? ఇది సీట్ల వ్యాపారం. ఆ ఫైళ్లేవో నీట్‌గా చేసిచ్చి ఇంటికెళ్లు, పిల్లలు ఎలాగూ అమీర్‌పేటలో జావా నేర్చుకుంటారు.

లాస్ట్_బెంచ్_ఎఫ్_సెక్షన్

అమీర్‌పేట కూడా ఇప్పుడు ఆన్‌లైన్ అయిపోయింది అన్నా 😄

నేను ఫైనల్ ఇయర్. ఫీడ్‌బ్యాక్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. మా పోర్టల్‌లో ఫీడ్‌బ్యాక్ ఇస్తేనే హాల్ టికెట్ డౌన్‌లోడ్ అవుతుంది. పరీక్ష ముందు రాత్రి, ఒక్కో సబ్జెక్టుకి చాంతాడంత ప్రశ్నల లిస్టు, ఎవడు చదువుతాడు, అన్నిటికీ 5 కొట్టుకుంటూ వెళ్లిపోతాం. ఎవరో ఒక బ్రౌజర్ స్క్రిప్ట్ రాశాడు, అది అన్నీ తనే నొక్కేస్తుంది, క్లాస్ మొత్తం అదే వాడింది. మా కాలేజీలో నిజంగా కోడింగ్ నేర్చుకున్న సందర్భం అదొక్కటే అనిపిస్తుంది. మీ నాక్ ఫైల్లో "స్టూడెంట్ సంతృప్తి 4.8" అని ఉంటే అది ఆ స్క్రిప్ట్ సంతృప్తి సార్.

నిజంగా తెలుసుకోవాలంటే సెమిస్టర్ మొదలైన నాలుగు వారాలకి అడగండి, రెండే ప్రశ్నలు, ఏది అర్థం కావట్లేదు, ఎందుకు. పేర్లు లేకుండా. తర్వాత క్లాసులో మేడమ్ వచ్చి "మీరు ఇది అర్థం కావట్లేదన్నారు, మళ్లీ చెప్తున్నా" అని ఒక్కసారి అంటే చాలు, తర్వాతి సారి అందరూ రాస్తారు. మిడ్‌కి (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షకి) ముందు వాట్సాప్‌లో వచ్చే ఇంపార్టెంట్ క్వశ్చన్స్ పీడీఎఫ్ కూడా ఆపండి... వద్దులెండి, నేను పాసయ్యాక ఆపండి.

శామీర్‌పేట_సీనియర్

రిటైర్డ్ సార్‌తో ఒక్క చోట విభేదిస్తాను. బయటి ఎగ్జామినర్ ఒక్కటే మార్గం కాదు. నేను చదివింది బిట్స్ హైదరాబాద్ క్యాంపస్‌లో. అక్కడ చెప్పేది, పేపరు ఇచ్చేది, దిద్దేది అంతా కోర్సు టీమే, బయటి నుంచి ఎవరూ రారు. హాజరు 75 శాతం ఉండాలన్న రూలు లేదు, హాజరు తగ్గితే కండొనేషన్ ఫీజు కట్టే తంతూ లేదు. అయినా మార్కుల మీద నమ్మకం ఉంటుంది, ఎందుకంటే దిద్దిన పేపర్లు స్టూడెంట్ చేతికిస్తారు. మొదటి వారంలోనే హ్యాండవుట్ అని ఒకటి ఇస్తారు, ఏ టాపిక్ ఎప్పుడు, ఏ పరీక్షకి ఎంత వెయిటేజీ, అన్నీ అందులో ఉంటాయి. పేపరు చేతికొచ్చాక "నాకు ఇక్కడ మార్కు ఎందుకు తగ్గింది" అని కూర్చుని వాదిస్తాం. దిద్దినాయన సమాధానం చెప్పాలి. అందరి ముందూ పెట్టాల్సి వస్తుందని తెలిస్తే ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని దిద్దుతారు.

ఒక కోర్సు ఎన్ని సెక్షన్లకి ఉన్నా ఇన్‌చార్జి ఒకరే, పేపరు ఒకటే. మీ దగ్గర ఏ నుంచి ఎన్ దాకా సెక్షన్లు ఉండి ఎవరి మిడ్ పేపరు వాళ్లే ఇచ్చుకుంటుంటే ముందు అది ఆపాలి.

బిట్స్‌కి పిల్లలు ఎంట్రన్స్‌లో వడకట్టి వస్తారు, మాకు అలా కాదు అంటారు, ఒప్పుకుంటాను. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌ని చూపించినా అదే అంటారు, అది 1998లో లాభాపేక్ష లేని పీపీపీగా (ప్రభుత్వ, ప్రైవేట్ భాగస్వామ్యంగా) పెట్టింది, సీట్లు తక్కువ, రీసెర్చి మీద నడుస్తుంది. కానీ దిద్దిన పేపరు చూపించడానికి పెద్ద ర్యాంకర్లే ఉండాలా? దీనికి పైసా ఖర్చు లేదు.

ఓఆర్ఆర్_అవతల

అందరికీ థ్యాంక్స్, ఇంత రాస్తారనుకోలేదు.

@ఇరానీ_చాయ్, మీరన్న కేసు నిజమే. దాని సంగతి అలా ఉంచితే, గ్రేడ్ల పద్ధతే మారుతోంది. ఇస్రో మాజీ చైర్మన్ రాధాకృష్ణన్ కమిటీ సిఫారసుల మీద 2024 జనవరిలో నాక్ ప్రకటించింది, ఇకపై అక్రిడిటేషన్ ఉంది లేదా లేదు అని రెండే, ఆ పైన ఐదు లెవెల్స్. మా మేనేజ్‌మెంట్‌కి ఈ ముక్క చెప్పి చూశాను, ఏ ప్లస్ లేకపోతే హోర్డింగ్ మీద ఏం రాయాలి అన్నారు. అదీ సంగతి. అయినా ఫైళ్లు చేసిచ్చి ఇంటికెళ్లే రకం అయితే ఇక్కడ ఈ పోస్టు పెట్టేవాణ్ని కాదు.

సార్ అన్నట్టు మూడేళ్ల పేపర్లు తీసి చూశాను, డేటా స్ట్రక్చర్స్. పార్ట్ బీలో మొదటి ప్రశ్న ప్రతిసారీ ట్రీ ట్రావర్సల్స్ గురించి వివరించుము, ఒకసారి మాత్రం "ఉదాహరణతో" అని చేర్చారు. చెట్టు బొమ్మ కూడా అదే, నోడ్ల అంకెలు కూడా అవే.

కానీ నాకున్న చిక్కు ల్యాబ్_ఇన్‌చార్జి మేడమ్ చెప్పిందే. బయటివాళ్లతో దిద్దించి పాస్ పర్సెంటేజ్ పడిపోతే అది అడ్మిషన్ల మీద పడుతుందని రిజిస్ట్రార్ మొదటి మీటింగ్‌లోనే ఆపేస్తారు. పేపర్లు చూపించడమంటే కొందరు హెచ్‌ఓడీలకి అవమానం. రెండూ ఒకేసారి నెగ్గించుకోలేను. ఏదో ఒకటి చిన్నగా, గొడవ లేకుండా మొదలుపెట్టాలి.

రిటైర్డ్_తార్నాక

శామీర్‌పేట_సీనియర్ చెప్పింది సబబే. అక్కడ పిల్లలే ఆ బయటి కన్ను అవుతున్నారు. ఏళ్ల తరబడి నడిచిన సంప్రదాయం ఉంది కాబట్టి అక్కడ చెల్లుతుంది. మీ చోట ఇప్పుడే పేపర్లు చేతికిస్తే మొదటి సెమిస్టర్‌లో మార్కుల బేరాలతోనే సరిపోతుంది, రెండో సెమిస్టర్‌లో ఎవరో ఆపేస్తారు. మిడ్‌లకి మాత్రం మొదలుపెట్టొచ్చు, దానికి ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు, మీ సబ్జెక్టుతో మీరే ముందు చేయండి.

సెమిస్టర్ పరీక్షలకి ఇలా చేయండి. ఫలితాలు ఇచ్చేశాక, ఎవరి మార్కూ మారదని ముందే చెప్పి, మూడు నాలుగు సబ్జెక్టుల నుంచి కొన్ని జవాబు పత్రాలు తీయండి. పైనుంచి కొన్ని, మధ్యలోవి కొన్ని, అంచు మీద పాసైనవి ఎక్కువగా. మార్కులు కనపడకుండా జిరాక్స్ తీసి, అదే సబ్జెక్టు చెప్పే బయటి ప్రొఫెసర్‌తో దిద్దించండి. ప్రశ్నపత్రం మీద కూడా ఆయన అభిప్రాయం ఒక పేజీ రాయమనండి. మీ మార్కుకీ ఆయన మార్కుకీ ఎంత తేడా వచ్చిందో వీసీ గారికి చూపించండి, కమిటీల్లో పెట్టకుండా ముందు ఆయనకి ఒక్కరికే. పాస్ పర్సెంటేజ్ కదలదు, వార్తల్లోకి ఎక్కదు, రిజిస్ట్రార్‌కి అభ్యంతరం చెప్పడానికి ఏమీ ఉండదు. ఖర్చు నాలుగు రెమ్యునరేషన్లు.

తేడా తక్కువ వస్తే సంతోషం, మీ వాళ్లు బాగానే దిద్దుతున్నారు, సమస్య బోధనలోనో పేపరులోనో ఉంది. అంచు మీద పాసైనవాళ్లలోనే తేడా ఎక్కువ వస్తే మోడరేషన్ (దిద్దాక మార్కులు సర్దడం) పేరుతో ఏదో జరుగుతోంది. ఒక్క సబ్జెక్టులోనే వస్తే ఆ సబ్జెక్టు కథ వేరు. ఈ మూడింటికీ మందులు వేర్వేరు, ఇప్పుడు మీకు ఏది కావాలో మీకే తెలియదు కదా. మీ ఎక్సెల్ షీటుకి అప్పుడు మొదటిసారి ఒక అర్థం వస్తుంది.

పబ్లికేషన్ల పిచ్చి గురించి అడగలేదు కానీ చెప్తున్నాను, అసిస్టెంట్ ప్రొఫెసర్ల మీద ఏడాదికిన్ని పరిశోధన పేపర్లు అని టార్గెట్ పెడితే అవి డబ్బు కట్టి వేసే జర్నళ్లకే పోతాయి. 2025 నుంచి కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో రిట్రాక్ట్ అయిన (జర్నల్ వెనక్కి తీసుకున్న) పేపర్లకి మార్కులు కోస్తున్నారు. ఈ ఒక్క మాట మీ మేనేజ్‌మెంట్‌కి చెప్పండి, దీనికి వింటారు.

ల్యాబ్_ఇన్‌చార్జి

సార్, తేడా ఎక్కువ వచ్చిన సబ్జెక్టు దిద్దిన మేడమ్‌కి మెమో ఇవ్వరని గ్యారంటీ ఏంటి? అది ముందే రాతపూర్వకంగా తేల్చకపోతే వచ్చే సెమిస్టర్ నుంచి అందరూ భయంతో మార్కులు కోసి పారేస్తారు, అది ఇంకో నరకం. ఇంకోటి, ఆ మేడమ్ ఒక్క రోజులో ఎన్ని పేపర్లు దిద్దిందో కూడా పక్కన రాయండి. రోజుకి ఇన్ని దిద్దాలని టార్గెట్ పెట్టి కూర్చోబెడితే నలభయ్యో పేపరు దగ్గర ఎవరైనా పేజీలు లెక్కపెట్టి మార్కులేస్తారు.

ఓఆర్ఆర్_అవతల

@ల్యాబ్_ఇన్‌చార్జి మేడమ్, సబ్జెక్టు కోడ్ తప్ప దిద్దినవాళ్ల పేరు నా దాకా కూడా రాకూడదని సీఓఈతో మాట్లాడాను, ఆయన సరేనన్నారు. మెమో లేదన్న లైను వీసీ గారి సంతకంతో సర్క్యులర్‌లోనే వేయిస్తాను, అది రాకపోతే మొదలే పెట్టను. రోజుకి ఎన్ని దిద్దారన్నది వాల్యుయేషన్ రిజిస్టర్‌లో ఉంటుంది, దాన్ని కూడా పక్కన ఒక వరసగా వేస్తాం.

డేటా స్ట్రక్చర్స్, మ్యాథ్స్ ఫస్ట్ సెమ్, ఎలక్ట్రికల్ సర్క్యూట్స్, ఈ మూడే ఈసారి. సర్క్యూట్స్‌కి దిద్దేవాళ్లు దొరకడం లేదు. మా గ్రూపు కాలేజీల వాళ్లు కాకుండా ఎవరైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి, వరంగల్ వైపు వాళ్లయినా ఫరవాలేదు, పత్రాలు నేనే తెచ్చి ఇస్తాను.